మూడు డబ్బాల మావ

మా మనవడు పేకాట నేర్చుకోవడానికి డబ్బు కట్టి క్లాసులో చేరాడు. వినగానే నాకు సిగ్గేసింది. మా కాలంలో పేకాట నేర్చుకోవడానికి వేరే డబ్బు కట్టక్కర్లేదు, పందెంలో కూర్చుంటే చాలు, అదే పోయేది. వాడు ఇక్కడే మలేషియాలో, ఇపో పట్నంలో ఉద్యోగం చేస్తాడు. మొన్న సెలవుకు తెలుక్ ఇంటాన్‌లో మా ఇంటికి వచ్చి, నా మంచం మీద కాళ్ళు చాపుకుని, ఆ క్లాసు పాఠం ఫోనులో పెట్టుకుని వింటున్నాడు. ఎవరో తెల్లవాడు గబగబా ఏదో చెప్పుకుపోతున్నాడు.

"ఏటంతన్నాడ్రా ఆడు?" అన్నాను.

మా వాడికి తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడాలంటే నోరు తిరగదు. "పోకర్ లా, అమ్మమ్మా. ఆడే డబ్బు సపరేట్, ఇంటి డబ్బు సపరేట్. మిక్స్ సెయ్యకూడదు."

"ఇంకా?"

"బ్యాడ్ కార్డ్స్ వస్తే పడేయాల. లాస్ అయితే దాని ఎనక పోకూడదు, లెగిసిపోవాల. ఫేస్‌లో ఏటీ సూపించకూడదు."

నేను నవ్వబోయాను. నవ్వు సగంలో ఆగిపోయింది. దీనికి ఎంత కట్టావురా అంటే చెప్పాడు. కొబ్బరితోటలో మా ఆయనకు ఏడాది పొడుగునా అంత వచ్చేది కాదు. "ఓరి సన్నాసీ, ఇదంతా నాకు ఊరికే సెప్పినాడ్రా ఒకాయన" అన్నాను. ఊరికే అన్నమాట నిజం కాదు. ఆ పాఠానికి ఆయన ఏం కట్టాడో నేను చూశాను. మనవడు చెవుల్లో మళ్ళీ ఆ వైర్లు పెట్టేసుకున్నాడు గనక, మీకు చెబుతున్నాను.

ఆయన పేరు రాయను. తన కొడుకు పేరు నోట రానివ్వకుండా చచ్చిపోయిన మనిషి పేరు నేనెందుకు బయటపెట్టాలి? లైన్లో అందరూ డబ్బాల మావ అనేవారు. మా ఆయనకు మావ వరస, నాకు పెద్దయ్య.

హుటాన్ మెలింటాంగ్ దాటి సముద్రం వైపు వెళితే అప్పట్లో అన్నీ కొబ్బరితోటలే. మా తాతలు విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి మలయాకి వచ్చి ఆ తోటల్లో పడ్డారు. కూలీల ఇళ్ళ వరసల్ని లైన్లు అంటారు. మా లైనంతా తెలుగువాళ్ళమే. పెద్దయ్య పని కాయలు వొలవడం. నేలలో పాతిన ఇనపమొన మీద కాయను పోటు పొడిచి, మణికట్టుతో ఒక్క తిప్పు తిప్పేవాడు. పీచు ఊడి ఒక పక్క, కాయ ఒక పక్క పడేవి. ఆ పనికి చేతులు ఎంత మొద్దుబారతాయో చూసినవాళ్ళకే తెలుస్తుంది. ఆయన అరచేత్తో వేడి కుండ దించేవాడు, మసిగుడ్డ అడిగేవాడు కాదు. అలాంటి చేతుల్లోకి పేక ముక్కలు వస్తే మాత్రం పసిబిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకునేవాడు.

వయసులో ఉండగా దొర బంగళాలో పనిచేశాడట. దొరలు అక్కడ చేరి పోకరు ఆడుతుంటే వాళ్ళ వెనక నిలబడి గ్లాసులు అందిస్తూ ఆట నేర్చేసుకున్నాడు. ఏదో గ్లాసు పగిలిందని పనిలోంచి తీసేశారు. వస్తూ వస్తూ వాళ్ళు పారేసిన పాత పేక ఒకటి పట్టుకొచ్చాడు. అప్పటిదాకా మూడుముక్కలాట తప్ప తెలియని మా లైన్లో అయిదు ముక్కల పోకరు అలా వచ్చింది. అయిదేసి పంచుతారు, పనికిరానివి మార్చుకోవచ్చు, తర్వాత పందెం పెంచుకుంటూ పోవచ్చు. చేతిలో చెత్త ఉన్నా ఆసులున్నట్టు పెంచి ఎదుటివాడిని పారిపోయేట్టు చేయొచ్చు. "దొరలకీ మనకీ తేడా ఒకటేనర్రా" అనేవాడు. "ఆల్లు ఓడితే సీటీ మీద సంతకం ఎడతారు. మనం ఓడితే పొయ్యిలో పిల్లి లెగదు."

అందుకే ఆయన ఇంట్లో మూడు డబ్బాలుండేవి. ఒకటి బియ్యం డబ్బా. అందులో బియ్యం కిందే తిండి డబ్బులూ ఉండేవి. రెండోది ఓడ డబ్బా. ఎప్పటికైనా ఊరు వెళ్ళాలంటే ఓడ టిక్కెట్టుకని దాచేది. మా లైన్లో ప్రతి ఇంట్లోనూ ఆ డబ్బు ఉండేది, ఎవరూ ఓడ ఎక్కేవారు కాదు. మూడోది ఆట డబ్బా, బిస్కట్లొచ్చిన చిన్న రేకు డబ్బా. జీతం వచ్చిన రోజున మొదటి రెండూ నిండాక ఏదైనా మిగిలితే దాంట్లో పడేది. మిగలకపోతే ఆ నెల ఆయన ఆట చూడ్డానికి మాత్రమే వచ్చేవాడు.

ఆట డబ్బా ఉంది కదా అని మొత్తం తెచ్చేవాడూ కాదు. గుప్పెడు చిల్లర రుమాల్లో కట్టుకొచ్చేవాడు. అది అయిపోతే ఆ రోజుకి అయిపోయినట్టే. ఇంకో చేయి వేస్తే గెలుస్తావు మావా అని ఎంత బతిమాలినా వినేవాడు కాదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "డబ్బా అయిపోనాది. మరి కూకోకూడదు. ఎల్లొత్తానర్రా" అని లేచిపోయేవాడు. తెచ్చినదానికి రెట్టింపయినా అదే మాట, అదే తువ్వాలు. అప్పుడు మాత్రం ఓడినవాళ్ళు బూతులు తిట్టేవారు. "తిట్టుకోండి, తిట్టుకి పైసా కరుసవదు" అంటూ వెళ్ళేవాడు. ఎల్లొత్తాను అన్న మాట ఆయనకు ఎంత అలవాటంటే, కొబ్బరి ఎండబెట్టే బట్టీ దగ్గర పడుకునే కుక్కకి కూడా చెప్పి వెళ్ళేవాడు. పిల్లలు వెనకాలే అదే మాట అనుకరిస్తూ పరిగెత్తేవారు.

ఇంక మా ఆయన సంగతి. ఆ బట్టీలో మంట చూసే పని ఆయనది. మంట దగ్గర ఓపిక ఉండేది, పేక దగ్గర ఉండేది కాదు. పెళ్ళయిన కొత్తలో జీతం రోజున ఇంటికి చేయి ఊపుకుంటూ వచ్చేవాడు. మా అత్త అమ్మోరి మీద ఒట్టు వేయించింది. మూడో రోజుకి ఒట్టు గట్టు మీదుంది, ఆయన పందెంలో ఉన్నాడు. చివరికి ఒక ఆదివారం మా పెద్దదాని కాళ్ళకున్న వెండి గజ్జెలు కనిపించలేదు. చంటిదాని కాళ్ళు బోసిగా ఊపుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. దాన్ని చంకనేసుకుని పెద్దయ్య ఇంటి మీదకు పోయాను.

"ఈ దిక్కుమాలిన ఆట లైన్లోకి తెచ్చింది నువ్వే కదా పెద్దయ్యా! నీ పేక బట్టీలో పడెయ్. నా కొంప ముంచినావు" అని అరిచాను.

వాళ్ళావిడ, నాకు పెద్దమ్మ, కొబ్బరి తురుముతోంది. తురమడం ఆపి, బిడ్డను అందుకుని కాళ్ళు తడిమి చూసింది. ఆమె ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. పెద్దయ్య మాత్రం నా అరుపు పూర్తిగా అయ్యేదాకా ఆగాడు.

"నా పేక కాల్చేత్తే ఆడు సీనాదేశపోడి దుకాణానికెల్లి ఆడతాడు. ఒట్టెడితే ఎగ్గొడతాడు. నేను ఆడిని మాన్పించనే తల్లీ. ఓడిపోడం నేర్పుతాను. అది రాకే ఆడు సెడిపోతన్నాడు."

"ఓడిపోడం ఎవుడికి రాదు?"

"ఎవుడికీ రాదు" అన్నాడు. "గెలుపు అందరికీ వొచ్చు."

అప్పుడు నాకు ఆ మాట ఎగతాళిలా వినిపించింది. ఇంటికొచ్చి ఏడ్చాను కూడా. కానీ ఆ వారం నుంచి మా ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. డబ్బుల్లేవు, పీచు ముక్కలే పందెం. ముక్కలు పంచడం, ఇవి ఉంచుతావా పడేస్తావా అని అడగడం. మా ఆయన ఉంచుతాననగానే వేలితో నుదుటి మీద ఒక్కటి వేసేవాడు. "నీకు ముక్కలు రాలేదు. వొచ్చినాయని ఆశ వొచ్చింది. పడెయ్." మంచి ఆటగాడు ఆడేదానికంటే పడేసేది ఎక్కువట. పక్కవాడి దగ్గర అప్పు తీసుకుని ఒక్క చేయి కూడా ఆడకూడదట. కల్లు తాగినవాడు ఆ రోజు పేక ముట్టకూడదట. "ఎదుటోడి మొకం సూడకు, అది అబద్దాలాడతాది. ఆడి కాలి బొటనేలు సూడు" అనేవాడు. పోయిన డబ్బు గెలిచినవాడిదే గానీ మనది కాదు, పరాయివాడి డబ్బు కోసం పరాయివాడితో ఎందుకు కొట్లాడ్డం అనేవాడు.

అన్నిటికంటే గట్టిగా చెప్పింది ఇంకోటుంది. ముక్కలు చేతికి రాగానే ఆయన వాటిని మోకాలి మీద తట్టి సర్దుకునేవాడు. ఒక్కసారి చూసేవాడు. బోర్లా పెట్టి తువ్వాలుతో మూతి తుడుచుకునేవాడు. అన్ని చేతులకీ అంతే, అదే వరస, అంతే సేపు. "మొదటిసారి అందరూ సూత్తారు. మంచి ముక్కొచ్చినోడు నిజమేనా అని మల్లీ సూత్తాడు. సెడ్డ ముక్కొచ్చినోడు కలేమో అని మల్లీ సూత్తాడు. రెండోసారి సూసినోడు దొరికిపోయినాడు. సూడకు. కన్ను పీకినా సూడకు."

నాకూ ఒక పాఠం చెప్పాడు. "బియ్యం డబ్బా నీ సేతిలో ఉండాల. ఆడడిగితే ఇయ్యకు. ఏడిసినా, కాళ్ళట్టుకున్నా ఇయ్యకు. మా ఇంట్లో అంతే. మీ పెద్దమ్మ నాకెప్పుడూ ఇవ్వలేదు, నేనెప్పుడూ అడగలేదు." పెద్దమ్మ తురుముకుంటూనే తల ఊపింది.

మా ఆయన ఆట మానలేదు. ఆదివారం మధ్యాహ్నం బట్టీ పక్క చావిట్లో ఆడేవాడు, గుప్పెడు పట్టుకెళ్ళి, పోతే పోయిందని లేచి వచ్చేవాడు. ఏడాది తిరక్కుండా చంటిదానికి గజ్జెలు మళ్ళీ వచ్చాయి. నేను ఆ గజ్జెలతోనే దాన్ని ఎత్తుకెళ్ళి పెద్దయ్య ఒళ్ళో కూర్చోబెట్టాను. ఆయన వాటిని ఒకసారి గలగలలాడించి, "ఓడిపోడం వొచ్చినట్టుందే నీ మొగుడికి" అన్నాడు.

ఆ తర్వాతే ఎమర్జెన్సీ వచ్చింది. అడవిలో ఉన్న కమ్యూనిస్టుల మీద తెల్లదొరల ప్రభుత్వం పెట్టిన ఎమర్జెన్సీ. అడవిలో వాళ్ళుంటే మాకెందుకు కంచె అని మేం అనుకుంటూండగానే మా లైన్ల చుట్టూ ముళ్ళకంచె వేశారు. ఒక గేటు, గేటు దగ్గర తుపాకీలు. పొద్దున పనికి వెళ్ళేటప్పుడు మా కొంగులు కూడా దులిపి చూసేవారు, అడవిలోకి గింజ పోకూడదని. కొన్నాళ్ళకి ఇంట్లో బియ్యం ఉంచుకోవడమే నేరమైంది. కంచె లోపల ఒక్క వంటశాల, అందరికీ అక్కడే వండిన అన్నం, గిన్నె పట్టుకెళ్ళి తెచ్చుకోవాలి. ఇంట్లో అన్నం ఉడుకుతున్న వాసన లేకుండా ఎన్నేళ్ళు బతికామో. అది ఇప్పటికీ నాకు కోపమే.

పెద్దయ్యకు ఒక్కడే కొడుకు. పొడుగాటి వెదురుకు కత్తి కట్టి కాయలు కోసే పని వాడిది. నెమ్మదైన పిల్లాడు, మా పిల్లలకి కొబ్బరాకుతో బూరలు చేసిచ్చేవాడు. కూలీ సంఘం మీటింగులకు తిరిగేవాడు. సంఘం వాళ్ళను పట్టుకుపోవడం మొదలెట్టాక ఒక రోజు పనికి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. వెదురుగడ మాత్రం చెట్టుకు ఆనించి ఉంది. పోలీసులు వచ్చి ఇల్లంతా తిరగేశారు. పెద్దయ్య వెతకడానికి వెళ్ళలేదు, ఎవరినీ అడగలేదు, మర్నాడు ఎప్పటిలాగే కాయలు వొలిచాడు. "రాయిరా ఆ మనిషి" అన్నారు లైన్లో. "పోయిందాని ఎనక పరిగెట్టకూడదని పేకాటలో సెప్పినాడు, కొడుక్కీ అదే లెక్క" అని ఒకడు నా ముందే అన్నాడు. వాడి నోరు మూయించాను గానీ, నాకూ లోపల అలాగే అనిపించింది.

పెద్దమ్మ మాత్రం వంటశాల అన్నంలోంచి రోజూ ఒక పిడికెడు పళ్ళెంలో పక్కన పెట్టేది. చీకటిపడ్డాక అదే తీసి ఇద్దరూ తినేవారు. తొలి రోజుల్లో ఆమె ఖాళీ కొబ్బరి చిప్పల్లో బియ్యం పోసి మూసి, తోట అంచున వదిలేదని గుసగుసలుండేవి. నిజమో కాదో నేను అడగలేదు. నిజమని తేలితే ఆమెను జైల్లో పెడతారు, ఆ తర్వాత ఇద్దరినీ ఓడెక్కించి ఇండియా పంపేస్తారు. ఆ ఊళ్ళో వాళ్ళకు ఎవరూ మిగల్లేదు. కొడుకు అడవిలో ఉన్నాడని పోలీసులకు అనుమానమే, రుజువు లేదు. ఆ రుజువు లేకపోవడం మీదే ఆ ఇద్దరూ ఇక్కడ బతుకుతున్నారు.

ఒక పొద్దున్న గేటు దగ్గర లారీ ఆగింది. ఏటి పక్క పోలీసు ఠాణాకు శవాలు తెచ్చారు, ఒకడు తెలుగువాడిలా ఉన్నాడు, ముసలాయన వచ్చి గుర్తుపట్టాలి అన్నారు. తోడుగా మా ఆయన్ని పంపారు. పెద్దమ్మ గుమ్మంలో నిలబడింది. పెద్దయ్య ఆమె వైపు తిరిగి, "ఎల్లొత్తాను" అని లారీ ఎక్కాడు.

అక్కడ జరిగింది మా ఆయన చెప్పాకే నాకు తెలిసింది. మా ఆయన్ని ఠాణా గేటు దాటనివ్వలేదు. శవాలు గోడ చాటున ఉన్నాయి, ఆయనకు కాళ్ళు మాత్రం కనిపించాయి. పెద్దయ్య మాత్రం బాగా కనిపించాడు. తెల్ల ఆఫీసరు శవాల వైపు చూడ్డం లేదు, పెద్దయ్య మొహంలోకే చూస్తున్నాడు. పక్కన అరవంలో అడిగే పోలీసు ఒకడు.

పెద్దయ్య గొంతుక్కూర్చున్నాడు. మోకాలి మీద చేయి తట్టాడు. ఒక్కసారి చూశాడు. తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. లేచాడు.

"ఉన్ మగనా?" నీ కొడుకా అని అడిగాడు పోలీసు.

పెద్దయ్య ఆఫీసరుకే మలాయిలో చెప్పాడు. "తాక్ కెనాల్, తువాన్." ఎవరో తెలియదు దొరా అని.

ఆఫీసరు నమ్మలేదు. పంపించేయలేదు కూడా. శవాలకు ఎదురుగా బల్ల వేయించి కూర్చోమన్నాడు. టీ తెప్పించి చేతికిచ్చాడు. తను పక్కన నిలబడి సిగరెట్టు ముట్టించి, ముసలాయన కళ్ళనే చూస్తున్నాడు, అటు తిరుగుతాయేమోనని. పెద్దయ్య టీ తాగాడు. ఊదుకుంటూ, చివరి చుక్క దాకా తాగి, కప్పు కింద పెట్టాడు. ఆ కళ్ళు రెండోసారి అటు తిరగలేదు. సిగరెట్టు అయిపోయాక ఆఫీసరు చేయి ఊపి పొమ్మన్నాడు.

"ఆడు కాదన్నమాట. బతికిపోనాం" అనుకున్నాడట మా ఆయన. పెద్దయ్య గేటు దగ్గరకు వచ్చాడు. అక్కడ కాపలా ఉన్నవాళ్ళను దాటాడు. ఆఫీసరుకీ చెప్పలేదు, పోలీసుకీ చెప్పలేదు, కాపలావాళ్ళకీ చెప్పలేదు. కుక్కకి కూడా ఎల్లొత్తానని చెప్పే మనిషి, నోరు మెదపకుండా నడిచి వచ్చి లారీ ఎక్కాడు.

ఇంటికి వచ్చాక మా ఆయన కుండెడు నీళ్ళు నెత్తిన గుమ్మరించుకుని, తడి ఒంటితోనే వచ్చి నా పక్కన కూలబడ్డాడు. "ఎల్లొత్తానని అనలేదే" అన్నాడు. మనలో చావు జరిగిన ఇంటి నుంచి లేచేటప్పుడు ఎవరూ వెళ్ళొస్తానని అనరు. ఆయన అక్కడ అలా లేచి వచ్చాడు. నాకు అర్థమై నోట్లో కొంగు కుక్కుకున్నాను. గోడ అవతల ఇంకో సంసారం ఉంది, గట్టిగా ఏడవడానికి కూడా లేదు.

ఆ శవాలను ఎక్కడ పూడ్చారో తెలియదు. తలకొరివి లేదు, నీళ్ళు వదలడం లేదు, దినం లేదు. చేస్తే ఎవరి దినమని అడుగుతారు. పెద్దయ్య మర్నాడు కాయలు వొలిచాడు. పెద్దమ్మ ఎప్పటిలాగే పళ్ళెంలో పిడికెడు అన్నం పెట్టింది. పాపం, ఆమెకు తెలియదు, ఇంకా ఎదురుచూస్తోంది అని నేను కుమిలిపోయాను. ఆమెకు చెప్పాలా వద్దా అని మా ఆయనతో పోట్లాడాను. "మావ సెప్పలేదంటే లెక్కుంటాది. నువ్వు నోర్ముయ్" అన్నాడు. నా మొగుడు నన్ను నోర్ముయ్ అంటే నేను మూసిన ఒకే ఒక్కసారి అది.

పెద్దకర్మ చేయాల్సిన రోజు ఆదివారం పడింది. మధ్యాహ్నం పెద్దయ్య చావిట్లోకి వచ్చాడు. రుమాలు కాదు, పెద్ద మూటే తెచ్చాడు. మా ఆయన, ఇంకో ముగ్గురు కూర్చున్నారు. పెద్దయ్య ఓడిపోవడం మొదలెట్టాడు. ఒకసారి ఈయనకి, ఒకసారి ఆయనకి, వరసగా, పెంచి పెంచి ఓడిపోతున్నాడు. మిగతావాళ్ళు మావకి మతి పోయిందని నవ్వుకుంటూ డబ్బులు లాక్కుంటున్నారు. పంచే వంతు మా ఆయనకు వచ్చినప్పుడు, పెద్దయ్య పడేసిన ముక్కలు పోగు చేస్తూ చూశాడు. మూడు ఆసులు. మూడు ఆసులు పట్టుకుని ఓటమి ఒప్పుకుని పడేశాడు. మా ఆయన తన చేతిలోకి వచ్చిన డబ్బుల వైపు చూసుకుంటే వేళ్ళకి తెల్లగా అంటుకుంది. ఇంట్లో బియ్యం ఉన్న రోజుల నాటి పిండి. అది బియ్యం డబ్బాలోని డబ్బు.

పెద్దయ్య మూట దులిపాడు. తువ్వాలు భుజాన వేసుకున్నాడు. ఆ రోజూ ఎల్లొత్తానని అనలేదు.

మా ఆయన వచ్చి ఆ డబ్బులు నా ముందు పోశాడు. అంత డబ్బు ఆయన ఎన్నడూ గెలవలేదు. "తలకి నీల్లు పోసుకో. ఏదైనా వొండు. ఇది దినం డబ్బు. నలుగురికి బోయినం ఎట్టినాడు మావ" అన్నాడు. అన్నం వండడానికి వీల్లేదు. ఆ చైనావాడి దుకాణంలో మినప్పప్పు దొరికితే తెచ్చి గారెలు వండాను. నూనె వాసనకి పక్కింటివాళ్ళు ఏం పండగని అడిగారు, మా పెద్దదానికి కోరికయిందని చెప్పాను. ఆ ముగ్గురి ఇళ్ళకీ పంపాను. పెద్దయ్య ఇంటికి నేనే పట్టుకెళ్ళాను. పెద్దమ్మ గిన్నె అందుకుంది. ఏం పండగని ఆమె అడగలేదు. ఒక గారె తీసి పెరట్లోకి వెళ్ళింది, వచ్చి ఖాళీ గిన్నె కడిగి ఇచ్చింది. నేను కళ్ళెత్తి ఆమె మొహం చూడలేక వచ్చేశాను.

తర్వాత పెద్దయ్య ఆడలేదు. పేక మా ఆయనకి ఇచ్చేశాడు. ఆట నేర్పమని ఎవరైనా వస్తే నాకు రాదు అనేవాడు.

మెర్డెకా, అంటే స్వతంత్రం, వచ్చిన రోజు లైన్లలో జెండాలు కట్టారు. తోటంతా సెలవు. రేడియో దగ్గర జనం కేకలు వేస్తుంటే పెద్దయ్య మా గుమ్మంలోకి వచ్చి కూర్చున్నాడు. అప్పటికే మనిషి ఎండిపోయాడు. మా ఆయన్ని దగ్గరకు పిలిచాడు.

"దొరలెల్లిపోనారంట కదరా. ఇప్పుడు సెప్పొచ్చేటి?"

మా ఆయన కంచె వైపు చూశాడు. కంచెకి కూడా ఎవరో రంగు కాగితాలు కట్టారు. "కంచె ఉంది కదా మావా. కంచె తీసినాక సెప్పుదుం."

"సర్లే" అన్నాడు. నేను టీ ఇస్తే వద్దన్నాడు. ఠాణా నుంచి వచ్చాక ఆయన టీ ముట్టలేదు. "ఒరే, ఆడికి గెడ్డం మొలిసిందిరా" అన్నాడు ఉన్నట్టుండి. "ఎల్లినప్పుడు లేదు. సరిగ్గా సూల్లేదు. ఒక్కపాలి మల్లీ సూసుంటే బాగున్ను." అని వలవలా ఏడ్చాడు. నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని, చప్పుడు రాకుండా, స్వతంత్రం వచ్చిన రోజున మా గుమ్మంలో కూర్చుని ఏడ్చాడు. నేను ఆ గుమ్మంలోనే నిలబడి ప్రభుత్వాలన్నిటినీ తిట్టాను, వెళ్ళినవాళ్ళనీ వచ్చినవాళ్ళనీ.

కంచె తీయకముందే ఆయన జ్వరం తగిలి పోయాడు. లైనంతా వచ్చింది. తలకొరివి ఎవరు పెట్టాలన్న మాట వచ్చింది. మెర్డెకా తర్వాత అడవిలోంచి వచ్చి లొంగిపోతే క్షమిస్తామని ప్రభుత్వం కాగితాలు వేసింది, ఒకరిద్దరు వచ్చారు కూడా. "కొడుకున్నాడు కదా. కబురు తెలిసి వొత్తాడేమో, సాయంత్రం దాకా ఆగుదుం" అన్నాడు ఒక పెద్దమనిషి. గేటు దగ్గర పోలీసులు వింటూనే ఉన్నారు. మా ఆయన నేల చూస్తున్నాడు. నేను పెద్దమ్మ చేయి పట్టుకున్నాను, ఈ మాట ఈమెకు ఇప్పుడు ఎలా చెప్పాలిరా భగవంతుడా అనుకుంటూ.

పెద్దమ్మ నా చేయి విడిపించుకుంది.

"ఆగొద్దు" అంది. "ఆడు రాడు. ఈయనే సూసొచ్చినాడు. కాదని సెప్పి వొచ్చినాడు."

మా ఆయన తలెత్తాడు.

"నీకు సెప్పినాడా పెద్దమ్మా?" అన్నాను.

"సెప్పలేదు. నేనడగలేదు. నలపై యేళ్ళ కాపురంలో ఎన్నడూ అడగనోడు బియ్యం డబ్బా అడిగినాడు. ఎందుకో నాకు తెల్దేటే? తీసిచ్చినాను." గేటు వైపు ఒకసారి చూసింది. "ఇంక నన్నేటి సేస్తారు? సేసుకోమను."

అన్నేళ్ళూ ఆ పళ్ళెంలో పిడికెడు అన్నం ఎందుకు పెట్టిందో నాకప్పుడు అర్థమైంది. ఎదురుచూస్తున్న తల్లిలా ఉండాలి గనక పెట్టింది. ఆమె మానేస్తే లైనుకి తెలిసిపోయేది, లైనుకి తెలిస్తే గేటుకి తెలిసేది. ఇద్దరూ ఒకే గదిలో, ఒకే చాప మీద, ఒకరికొకరు చెప్పుకోకుండా ఏడ్చారో ఏడవలేదో దేవుడికే తెలియాలి.

మా ఆయనే కొరివి పట్టుకున్నాడు. ఆ ఆదివారం ఆయన ఓడిన డబ్బు తిన్న మిగతా ముగ్గురూ పాడె మూడు కొమ్ములకీ వచ్చారు, నాలుగో కొమ్ముకి మా ఆయన బదులు ఇంకొకడు వచ్చాడు. పాడె ఎత్తబోతుంటే పెద్దమ్మ ఆగమంది. ముందుకు వంగి, ఆయన భుజం మీద తువ్వాలు సరిగ్గా వేసింది. మొహం చూసింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. ఎంతసేపు చూసినా ఎవరూ తొందరపెట్టలేదు.

"లెగవయ్యా" అంది. "డబ్బా అయిపోనాది. మరి కూకోకూడదు."